మీల్ మేకర్ తిన్నందుకే కౌంట్ పడిపోయిందా?

నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, నాకర్థమైనంత వరకు కుదించి చెప్తా, తప్పుంటే సరిచెయ్యి. నీకు 29 ఏళ్లు, ఊరు జమ్మికుంట పక్కన, ఉద్యోగం హన్మకొండలో, పెళ్లై 14 నెలలు. మాంసం ముట్టవు, గుడ్డు తింటావు. జిమ్‌కు పోతావు కాబట్టి ప్రొటీన్ కోసం రెండేళ్ల నుంచి రోజూ 50 గ్రాముల దాకా ఎండు మీల్ మేకర్ (సోయా పిండితో చేసే ఉండలు) నానబెట్టుకుని తింటున్నావు. పిల్లలు ఆలస్యమవుతున్నారని వీర్య పరీక్ష చేయించుకుంటే వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 1 కోటి 10 లక్షలు, కదలిక 34 శాతం వచ్చింది. ఫ్రెండు రిపోర్టు చూసి "సోయాలో ఆడ హార్మోన్ ఉంటది రా, అందుకే" అన్నాడు, మీ అమ్మ ఆ మాట విని ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ బర్రె కుడితిలో కలిపేసింది. మానేస్తే కౌంట్ పెరుగుతుందా, ఇన్నాళ్లు తిన్నదానికి శాశ్వతంగా దెబ్బ తగిలిందా అని అడిగావు.

సూటిగా చెప్తున్నా: నీ కౌంట్ తక్కువ రావడానికి కారణం దాదాపుగా మీల్ మేకర్ కాదు. శాశ్వతంగా దెబ్బ తగిలిందన్న భయం అసలే వద్దు. తినడం ఆపితే నష్టమేమీ లేదు, కానీ అది ఆపేసి "సమస్య తీరింది, ఇక చూద్దాం" అని ఆరు నెలలు కూర్చుంటే మాత్రం నష్టం ఉంది. అసలు కారణం వెతకాల్సిన ఆ ఆరు నెలలూ మీల్ మేకర్ మీద నెపం వేసి పోగొట్టుకుంటావు.

నేనెవరో కూడా చెప్పాలి. డాక్టర్ని కాదు, హన్మకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. 19 ఏళ్లుగా వీర్య పరీక్షలు చేస్తున్నా, అంటే డబ్బీ నా చేతికే వస్తుంది, మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టేదీ నేనే. మొదట్లో మగవాళ్లు కౌంటర్ దగ్గరికొచ్చి "సార్ లేరా మేడం" అని అడిగి, లేరంటే వెనక్కి పోయేవాళ్లు. ఇప్పుడు కొంచెం నయం. నా తమ్ముడి వయసే కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

సోయాలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉంటాయి, జెనిస్టీన్, డైడ్జీన్ ముఖ్యమైనవి. వీటి ఆకారం మన ఒంట్లో ఉండే ఈస్ట్రోజెన్‌ను కొంచెం పోలి ఉంటుంది కాబట్టి ఫైటోఈస్ట్రోజెన్లు అన్నారు, మనవాళ్లు దాన్ని "ఆడ హార్మోన్" చేసేశారు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టం అయిపోడు కదా. ఒంట్లో ఈస్ట్రోజెన్ అతుక్కునే గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని ప్రధానంగా రెండు రకాలు. అసలు ఈస్ట్రోజెన్ రెండింటి మీదా గట్టిగా పనిచేస్తుంది, ఐసోఫ్లేవోన్లు ఎక్కువగా బీటా వైపు మొగ్గుతాయి, అదీ చాలా బలహీనంగా. ఇంకో సంగతి, మగవాళ్ల ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ సహజంగానే కొంత తయారవుతుంది, అది లేకపోతే వీర్యకణాల తయారీ కూడా సరిగ్గా సాగదు. కాబట్టి ఆ పేరు వినగానే ఉలిక్కిపడాల్సిన పని లేదు.

ఈ భయం ఊరికే మాత్రం పుట్టలేదు, అది కూడా ఒప్పుకోవాలి. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన ఆడ గొర్రెలు ఈనడం మానేశాయి, మందలకు మందలే గొడ్డుపోయాయి. వెతికితే ఆ గడ్డిలో ఇదే జాతి పదార్థాలు దొరికాయి. కానీ గొర్రె పొద్దంతా ఆ గడ్డే మేస్తుంది, దాని కడుపులో ఆ పదార్థం మారే తీరు వేరు, మనం తినేది పూటకు గిన్నెడు కూర.

తర్వాత 2008లో అమెరికాలోని బోస్టన్‌లో సంతాన సమస్యతో క్లినిక్‌కు వచ్చిన జంటల్లోని 99 మంది మగవాళ్లను సోయా ఎంత తింటారని అడిగి, వీర్యం పరీక్షించారు. ఎక్కువ తినేవాళ్ల కౌంట్ అసలు తినని వాళ్లకంటే మిల్లీలీటరుకు సగటున 4 కోట్ల 10 లక్షలు తక్కువగా కనబడింది. నీ ఫ్రెండు ఏ వీడియోలో విన్నాడో గానీ ఆ మాట మూలం బహుశా ఇదే. వినగానే గుండె గుభేలుమంటుంది, కానీ మొత్తం చదివితే కథ వేరు. కదలికలో తేడా లేదు, ఆకారంలో తేడా లేదు. తేడా బరువు ఎక్కువున్న వాళ్లలో ఎక్కువ కనబడింది. కౌంట్ ముందే దండిగా ఉన్నవాళ్లలో ఎక్కువ తేడా, తక్కువ ఉన్నవాళ్లలో అంతగా లేదు. పైగా అది ఒకసారి అడిగి ఒకసారి లెక్కపెట్టిన పరిశీలన. సోయా తినిపించి, కౌంట్ తగ్గిందా లేదా అని చూసిన ప్రయోగం కాదు.

తినిపించి చూసిన ప్రయోగం 2010లో కెనడాలో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 32 మంది కుర్రాళ్లకు 57 రోజుల పాటు పాల ప్రొటీన్, కొంత గ్యాప్ ఇచ్చి 57 రోజులు ఐసోఫ్లేవోన్లు తక్కువున్న సోయా ప్రొటీన్, ఇంకో 57 రోజులు రోజుకు 60 మిల్లీగ్రాములకు పైగా ఐసోఫ్లేవోన్లు ఉన్న సోయా ప్రొటీన్ ఇచ్చారు. కౌంట్, కదలిక, ఆకారం, పరిమాణం, ఏదీ మారలేదు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ సంగతికొస్తే, 2021లో 41 అధ్యయనాలు కలిపి చూస్తే సోయా వల్ల మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజెన్ పెరగలేదు. జపాన్‌లో తరతరాలుగా రోజూ సోయాతో చేసే టోఫు, మిసో, నాటో తింటున్నారు, సగటున రోజుకు 30 నుంచి 50 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఆ తిండిలోనే పోతాయి.

మరి అతిగా తింటే? అమెరికాలో 60 ఏళ్ల ఆయన ఒకరు రోజూ దాదాపు మూడు లీటర్ల సోయా పాలు తాగి రొమ్ములు ఉబ్బి, నొప్పితో డాక్టర్ దగ్గరికి పోయాడు, ఈస్ట్రోజెన్ ఎక్కువ ఉంది. పాలు ఆపగానే మామూలైంది. ఏదైనా హద్దు దాటితే అంతే కదా, మామిడిపళ్లు కూడా పూటకు ఇరవై తింటే ఏదో ఒకటి అవుతుంది. నీ 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 60 నుంచి 80 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఉండొచ్చు, బ్రాండును బట్టి మారుతుంది, వేడినీళ్లలో నానబెట్టి పిండి ఆ నీళ్లు పారబోస్తే అందులో కొంత పోతుంది కూడా. ప్రమాదకరమైన లెక్క కాదు. అయినా రెండేళ్లుగా రోజూ అదే ఎందుకు? 25, 30 గ్రాములకు తగ్గించి మిగతాది పెసర్లు, శనగ గుడాలు, పెరుగు, ఇంకో గుడ్డుతో నింపుకో. ఇది భయంతో చెప్పే మాట కాదు, ఒకే తిండి మీద పడి బతకొద్దని.

ఇప్పుడు నా దగ్గర జరిగింది ఒకటి చెప్తా, నీ కేసుకు దగ్గరగా ఉంటుంది.

ఐదారేళ్ల కింద సంక్రాంతి వెళ్లిన వారంలో నర్సంపేట వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కౌంట్ బాగానే ఉంది, పరిమాణం బాగుంది, కానీ కదలిక 18 శాతం, చనిపోయిన కణాలు కుప్పలు. రిపోర్టు చేతికిస్తుంటే ఆయనే అన్నాడు, "నాకు తెలుసు మేడం, ఈ రెండు నెలల్లో రోజూ మీల్ మేకరే తిన్నా." ఎందుకంత తిన్నావన్నా అంటే అయ్యప్ప మాల వేసుకున్నాడట, నీచు లేదు కాబట్టి పూటపూటకూ మీల్ మేకర్ కుర్మా. అప్పుడు నాకు తట్టింది. మాలలో ఉంటే బ్రహ్మచర్యం కదా. 41 రోజుల దీక్ష, శబరిమల పోయి రావడం, ఇంటికొచ్చాక ఇంకో నాలుగు రోజులు జ్వరం, మొత్తం 50 రోజులకు పైగా గ్యాప్. అన్ని రోజులు ఆగితే పాత కణాలు లోపలే పేరుకుపోయి చచ్చిపోతాయి, శాంపిల్‌లో వచ్చేది అవే. ఈ పరీక్షకు గ్యాప్ 2 రోజులకు తగ్గకూడదు, 7 రోజులకు మించకూడదు. ఆ రోజు శాంపిల్ తీసుకునేముందు ఎన్ని రోజులైందని ఆయన్ని అడగాల్సింది నేనే. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే చూడకుండా తీసుకున్నా, రద్దీగా ఉండింది. తప్పు నాదే అని చెప్పి, వారం తర్వాత డబ్బులు తీసుకోకుండా మళ్లీ చేశాను. నాలుగు రోజుల గ్యాప్‌తో ఇస్తే కదలిక 51 శాతం. ఆ వారం కూడా ఇంట్లో మీల్ మేకర్ వండారని నవ్వుతూ చెప్పాడు. ఆ గడి ఖాళీగా ఉంటే ఇప్పటికీ నేను డబ్బీ ముట్టుకోను.

మీ అమ్మ బర్రెకు పెట్టింది అన్నావు చూడు, అది చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే తిండితో మగవాళ్ల వీర్యం నిజంగా ఆగిపోయిన కథ ఒకటుంది, దానికి సోయాతో సంబంధం లేదు. ఆ పంట పత్తి. మీ జమ్మికుంట మార్కెట్లో, మా ఎనుమాముల మార్కెట్లో గుట్టలు పోసే పత్తే. జిన్నింగ్ మిల్లులో దూది తీశాక మిగిలిన గింజలో గాసిపోల్ అనే పసుపుపచ్చ పదార్థం ఉంటుంది, పురుగు తినకుండా మొక్క తనకు తాను చేసుకున్న విషం. చైనాలో కొన్ని పల్లెల్లో శుద్ధి చేయని పత్తి గింజల నూనెతో వంట చేసుకునేవాళ్లు, ఆ ఊళ్లలో పిల్లలు పుట్టడం ఆగిపోయింది. ఎందుకా అని వెతికితే గాసిపోల్ దొరికింది. 1970లలో అక్కడ దాన్నే మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా చేసి 8 వేల మందికి పైగా ఇచ్చి చూశారు. దాదాపు 99 శాతం పనిచేసింది! కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్లు చేతులు చచ్చుబడ్డాయి, ఇంకొందరికి మాత్ర ఆపినా కౌంట్ తిరిగి రాలేదు, అందుకే చివరికి ఆ ఆలోచన వదిలేశారు.

కంగారు పడకు, మార్కెట్లో దొరికే రిఫైన్డ్ పత్తి గింజల నూనెలో శుద్ధి చేసేటప్పుడే గాసిపోల్ పోతుంది. గానుగ నుంచి నేరుగా తెచ్చిన పచ్చి పత్తి నూనె మాత్రం వంటకు వాడొద్దు. బర్రెకు పెట్టే పత్తి చెక్కలో కూడా గాసిపోల్ కొంత ఉంటుంది, నెమరువేసే జంతువు కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది, విత్తనపు కోడెకు మాత్రం అతిగా పెట్టకూడదు. ఇంత చెప్పడం ఎందుకంటే, మొక్క నిజంగా వీర్యాన్ని దెబ్బతీస్తే ఇలా ఉంటుంది, ఊరు ఊరంతా కనబడుతుంది, ఎంత మోతాదుకు ఎంతని లెక్క తేలుతుంది. సోయా విషయంలో కోట్ల మంది తరాలుగా తింటున్నా అలాంటిదేమీ కనబడలేదు.

సరే, మీల్ మేకర్ కాకపోతే మరేంటి? అసలు నేను ఎక్కువ రాయాలనుకున్నది ఇదే.

ముందు రెండో పరీక్ష చేయించు. ఒకే మనిషికి ఒక వారం 1 కోటి, ఇంకో వారం 3 కోట్లు రావడం నేను చూస్తూనే ఉంటా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది గీత మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షలు, మొత్తం కదలిక 42 శాతం, పరిమాణం 1.4 మిల్లీలీటర్లు. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లను పరీక్షించి, అందులో అట్టడుగు 5 శాతం ఎక్కడ ఆగుతారో అక్కడ ఆ గీత గీశారు. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్లకూ పిల్లలు పుట్టారు. నీ 1 కోటి 10 లక్షలు తక్కువే, ఆలస్యానికి కారణం కావచ్చు, కానీ పిల్లలు పుట్టరని అందులో రాసి లేదు. తక్కువ, లేదు అనే రెండు మాటల మధ్య చాలా దూరం ఉంది, ఇంట్లో వాళ్లకు కూడా ఈ ముక్క చెప్పు.

శాంపిల్ ఎక్కడ ఇచ్చావు? ఇంటి దగ్గర తీసి తీసుకొచ్చావా? గంటలోపు ల్యాబ్‌కు చేరాలి, ఒంటి వేడి తగులుతూ ఉండాలి. చలికాలంలో భూపాలపల్లి నుంచి బస్సులో రెండు గంటలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చినాయనకు కదలిక 6 శాతం వచ్చింది, తర్వాత ఇక్కడే గదిలో ఇస్తే 45. మొదటి చుక్కలు కిందపడ్డా చెప్పాలి, కణాలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి భాగంలోనే. సిగ్గుపడి చెప్పరు, లెక్క సగానికి పడిపోతుంది. సబ్బు, కొబ్బరి నూనె, మామూలు కండోమ్ వాడినా కణాలు దెబ్బతినొచ్చు.

తర్వాత క్యాలెండర్ చూడు. ఒక వీర్యకణం తయారవ్వడానికి సుమారు 74 రోజులు, తర్వాత నాళాల్లో ముదిరి బయటికి రావడానికి ఇంకో రెండు వారాలు, మొత్తం మూడు నెలలు అనుకో. అంటే నువ్వు ఆ రోజు ఇచ్చిన శాంపిల్‌కు నారు పోసింది మూడు నెలల కింద. అప్పుడు నీకు గట్టి జ్వరం ఏమైనా వచ్చిందా? మన దగ్గర వానలు పడ్డాక డెంగీ, వైరల్ జ్వరాలు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఏటా దీపావళి అటూ ఇటూ నా దగ్గర తక్కువ కౌంట్ రిపోర్టులు ఎక్కువవుతాయి. 103 జ్వరం నాలుగు రోజులు వస్తే కౌంట్ కొన్ని వారాలు పడిపోతుంది, దానంతటదే తేరుకుంటుంది. అందుకే ఈ రోజు మీల్ మేకర్ మానేసి పదిహేను రోజుల్లో పరీక్ష చేస్తే ఏది పెరిగినా తగ్గినా దానికీ దీనికీ లంకె పెట్టలేవు.

జిమ్‌లో ఇంజెక్షన్లు తీసుకున్నావా? నీ ప్రశ్నలో ఈ సంగతి లేదు, అందుకే అడుగుతున్నా. నాకు జవాబు చెప్పక్కర్లేదు, డాక్టర్‌కు చెప్పు. హన్మకొండలో జిమ్‌లు పెరిగిన దగ్గర్నుంచి నేను చూస్తున్న అసలు మార్పు ఇదే. రెండేళ్ల కింద 26 ఏళ్ల కుర్రాడు, చూడ్డానికి బండరాయిలా ఉన్నాడు, శాంపిల్‌లో ఒక్క కణం లేదు. రెండోసారీ సున్నానే. వాడు కూడా "సోయా ప్రొటీన్ పౌడర్ తాగుతా మేడం, దానివల్లేనా" అన్నాడు. డాక్టర్ గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది, ఆరు నెలలుగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, ట్రైనర్ ఇచ్చాడట. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు "సరిపడా ఉంది" అనుకుని వృషణాలకు పంపే ఆదేశాలు ఆపేస్తుంది, అవి పని మానేస్తాయి. మగతనం కోసం వేసుకున్న మందు కౌంట్‌ను సున్నా చేస్తుందని వాడికెవరూ చెప్పలేదు. డాక్టర్ పర్యవేక్షణలో ఆపాక తొమ్మిది నెలలకు 90 లక్షలు కనబడ్డాయి. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. పౌడర్ డబ్బాలో ఏం కలిపారో తెలియని బ్రాండైతే అది కూడా ఆపెయ్.

యూరాలజిస్ట్ చేత పరీక్ష చేయించుకో. స్కాన్ రాయించుకోవడం ఒక్కటే చాలదు, నిలబెట్టి చేత్తో చూడాలి. వేరికోసిల్ అంటే వృషణం పైన రక్తనాళాలు ఉబ్బడం, ఎక్కువగా ఎడమ వైపు. మామూలు మగవాళ్లలో 15 శాతం మందికి ఉంటుంది, పిల్లలు ఆలస్యమై పరీక్షకు వచ్చినవాళ్లలో 35, 40 శాతం మందికి. అక్కడ రక్తం నిలిచి వేడి పెరుగుతుంది. వృషణాలు ఒంటికంటే రెండు, మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి, దేవుడు బయట వేలాడదీసింది అందుకే. ఉందని తేలినంత మాత్రాన అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కౌంట్ తక్కువుండి చేతికి తగిలేంత ఉంటే ఆలోచిస్తారు. దాంతోపాటు ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ది) లాంటి హార్మోన్ల రక్త పరీక్షలు రాస్తారు.

ఇక మందు. మన దగ్గర మందు కొట్టడం అంటే రెండు అర్థాలు, రెండూ అడగాలి. సీసాలోదైతే, పట్టుబట్టి రోజూ తాగేవాళ్లలో కౌంట్ తగ్గడం మామూలే, గుట్కా, ఖైనీ, సిగరెట్, బీడీ అన్నీ అదే దారి. చేలోదైతే, మీ బాపుకు సాయంగా ఆదివారాలు పత్తికో మిరపకో పిచికారీ చేస్తుంటే, చొక్కా విప్పి చేతికి తొడుగు లేకుండా కొట్టడం వెంటనే ఆపు. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీలో కార్మికులు తమలో ఎవరికీ పిల్లలు పుట్టట్లేదని వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని పరీక్షకు పోతే చాలామందికి కౌంట్ సున్నా లేదా బాగా తక్కువ. ఆ మందు ఇప్పుడు లేదు, కానీ పురుగుమందుకూ వీర్యానికీ ఉన్న సంబంధం అట్లా బయటపడింది. నన్నడిగితే మీల్ మేకర్ ప్యాకెట్‌కంటే ఇంటి వెనకాల పెట్టిన స్ప్రే పంపు మీదే నాకు అనుమానం ఎక్కువ.

కౌంట్ పెంచే తిండి ఏమైనా ఉందా అని ఎట్లాగూ అడుగుతావు. మునక్కాయ, వెల్లుల్లి, మినప సున్నుండలు... తిను, మంచి తిండే, కౌంట్ పెరుగుతుందని మగవాళ్ల మీద గట్టిగా రుజువు చేసిన పని మాత్రం నేను చూడలేదు. అక్రోట్ల మీద ఉంది. 2012లో అమెరికాలో 117 మంది కుర్రాళ్లలో సగం మందికి 12 వారాలు రోజూ 75 గ్రాములు పెడితే కదలిక, ఆకారం మెరుగయ్యాయి. 2018లో స్పెయిన్‌లో బాదం, అక్రోట్, హేజల్‌నట్ కలిపి 60 గ్రాములు 14 వారాలు పెడితే కౌంట్ 16 శాతం దాకా పెరిగింది. ఇద్దరూ ఎంచుకున్నది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లనే, సమస్య ఉన్నవాళ్లను కాదు, అది గుర్తుపెట్టుకో. జీతం సరిపోకపోతే అక్రోట్ల కోసం అప్పు చెయ్యక్కర్లేదు.

మందుల షాపులో వేలకు వేలు పెట్టి కొనే మాత్రలైతే నాకు ఒళ్లు మండుతుంది. అమెరికాలో 2,370 జంటల మీద జింక్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూసి 2020లో ఫలితం చెప్పారు, కౌంట్ పెరగలేదు, పిల్లలు పుట్టిన శాతంలో తేడా లేదు, కడుపు బాధలు మాత్రం ఎక్కువయ్యాయి. డాక్టర్ ఫలానా లోపం ఉందని చూసి రాస్తే వేసుకో, నీకు నువ్వు కొనుక్కోకు.

సోయా గురించి ఒక్క జాగ్రత్త మాత్రం నిజమైనదే, ఎవరూ చెప్పరు. నీకు గానీ మీ ఆవిడకు గానీ థైరాయిడ్ మాత్ర ఉంటే, సోయా ఆ మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. పొద్దున పరగడుపున మాత్ర వేసుకుని కనీసం నాలుగు గంటల తర్వాతే మీల్ మేకర్ తినాలి. థైరాయిడ్ తేడా చేస్తే పిల్లల విషయం ఇద్దరికీ కష్టమే.

ఇంకో మాట, చనువు తీసుకుని చెప్తున్నా. నీ ప్రశ్న చివర్లో ఒక లైన్ రాసి ఊరుకున్నావు, మీ ఆవిడను ఇప్పటికే ఇద్దరు డాక్టర్లకు చూపించారని, గుళ్లకు తిప్పుతున్నారని. పిల్లలు ఆలస్యమైన జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఒకామె నాలుగేళ్లు స్కాన్లు, ట్యూబుల పరీక్షలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక భర్తను తీసుకొచ్చింది, వేరికోసిల్ అని తేలింది, అప్పటిదాకా ఆయన ఒక్క డబ్బీ ఇచ్చింది లేదు. నువ్వు 14 నెలలకే వచ్చావు, ఆ మేరకు నయం. రిపోర్టు మీ అమ్మ ముందు నువ్వే చదివి చెప్పు, ఆ పిల్ల చేత చెప్పించకు. గుడికి పోవాలంటే ఇద్దరూ కలిసి పోండి.

రెండో పరీక్ష ఈ నెలాఖరులో చేయించు, గ్యాప్ మొదటిసారి ఎన్ని రోజులుందో అన్నే ఉండాలి, మూడు రోజులైతే మళ్లీ మూడే, అదే ల్యాబ్ అయితే ఇంకా మంచిది. అది కూడా తక్కువ వస్తే యూరాలజిస్ట్ దగ్గరికి రెండు రిపోర్టులూ పట్టుకుపో. ఏమన్నారో ఇక్కడే రాయి, జ్వరం సంగతి, ఇంజెక్షన్ సంగతి, శాంపిల్ ఎక్కడ ఇచ్చావో కూడా కలిపి రాస్తే ఇంకేమైనా తోస్తే చెప్తా. ఈలోపు ఇంట్లో మీల్ మేకర్ వండితే మాత్రం తిను.